మోటారు దొంగ మీద ఎంతవరకు చెయ్యి చేసుకోవచ్చు?

ప్రశ్న: రాత్రిపూట పొలంలో మోటారు, కేబుల్ ఎత్తుకుపోయేవాణ్ణి కొడితే, వాడి ప్రాణం పోతే చట్టం ఏమంటుంది? చుట్టూ కరెంటు తీగ పెట్టొచ్చా?

జవాబు 1: 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు సెక్షన్ 41లోని నాలుగింటికే: దోపిడీ; పొద్దుగూకాక, తెల్లారేలోపు ఇంటికో గోదాముకో కన్నం వేయడం; అలాంటి కట్టడానికి నిప్పు పెట్టడం లేదా పేల్చడం; చావో తీవ్రగాయమో తప్పదన్న సహేతుకమైన భయం పుట్టించే దొంగతనం, విధ్వంసం లేదా గృహ అతిక్రమణ (ఇంట్లోకి చొరబడటం). ఆరుబయట మోటారు విప్పుకుంటూ ఎదురు తిరగని దొంగ వీటిలోకి రాడు. వాడిమీద సెక్షన్ 42 కిందే హక్కు, అంటే చావు తప్ప అవసరమైనంత హాని. తాళం వేసిన మోటారు గదిని రాత్రి పగలగొడితే లెక్క మారుతుంది.

జవాబు 2: మారినా సెక్షన్ 37 మెడమీదే ఉంటుంది. పోలీసుల సాయం అందే వ్యవధి ఉంటే హక్కే లేదు. ఉన్నా అవసరానికి మించకూడదు. ఎక్కువ కేసులు పోయేది ఇక్కడే: దొంగను పట్టి చెట్టుకు కట్టేశాక పడే ప్రతి దెబ్బా నేరమే. ఆత్మరక్షణ అని నిరూపించే భారం నిందితుడిది. అందుకే ముందు 112కి ఫోన్ చేయండి, ఆ కాల్ సమయం రికార్డులో ఉంటుంది.

జవాబు 3: తీగ జోలికి వెళ్లొద్దు, దయచేసి. మరుగుదొడ్డికి కరెంటు తీగ పెట్టిన బిహార్ కేసులో అనుమతి లేకుండా వచ్చిన మనిషి చనిపోతే, ఆస్తి రక్షణ అన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, శిక్ష ఖాయం చేసింది. తీగకు దొంగెవరో, పశువుల వెంట వచ్చిన పిల్లాడెవరో తెలియదు.