టనెల్ క్లబ్ కాలం నాటి క్యాసెట్ సగం నుంచి స్లో అయిపోతోంది

న్యూయార్క్‌ టనెల్ నైట్‌క్లబ్ మీద పాడ్‌కాస్ట్ చేస్తున్నాను. మాన్‌హట్టన్‌లో పాత గోదాం, లోపల రైలు పట్టాలు, 1986లో తెరిచారు. 90లలో ఆదివారం రాత్రుళ్లు ఫంక్‌మాస్టర్ ఫ్లెక్స్ అనే డీజే పాటలు ప్లే చేసేవాడు, అక్కడి జనం ఊగిపోతే ఆ ర్యాప్ పాటకి తిరుగులేదన్నమాట. తర్వాత పోలీసుల ఒత్తిడి, ఓనర్ పీటర్ గేషియన్‌ మీద పన్ను ఎగవేత కేసు, 2001లో మూతపడింది.

అప్పట్లో న్యూజెర్సీలో ఉన్న మా బాబాయి రేడియోలోంచి ఫ్లెక్స్ మిక్స్‌లు రికార్డ్ చేసిన 90 నిమిషాల క్యాసెట్ నా దగ్గరుంది. A సైడ్ 20వ నిమిషం దాకా బాగానే ఉంది, ఆపైన మెల్లగా స్లో అవుతూ చివరికి ర్యాపర్లంతా ఆవులిస్తూ పాడుతున్నట్టు వినిపిస్తోంది. హెడ్, పించ్ రోలర్ (టేపుని లాగే రబ్బరు చక్రం) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను, మార్పు లేదు. ఇంకో డెక్‌లో పెట్టినా అదే చోట మొదలవుతోంది, పెన్సిల్‌తో తిప్పినా అక్కడికి రాగానే బిగుసుకుంటోంది, కాబట్టి తప్పు డెక్‌ది కాదు. ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఆడాసిటీలో స్పీడ్ పెంచితే చివర సరిపోతోంది కానీ మొదలు పరుగెడుతోంది. పాటలు గుర్తుపట్టే యాప్ షాజామ్‌ కూడా ఆ సగంలో ఒక్క పాటనీ పట్టుకోలేదు.

క్యాసెట్‌కి స్క్రూలు లేవు, అతికించేసిన షెల్ (బయటి ప్లాస్టిక్ పెట్టె). టేపు తెగకుండా దాన్ని విప్పి, స్క్రూలున్న వేరే షెల్‌లోకి మార్చడం ఎలా?