క్యాంపింగ్‌లో ఉదయం వేడి అల్పాహారం: ఒక్క స్టవ్, నలుగురు మనుషులు

ప్రశ్న:

వచ్చే వారం మేము నలుగురం రెండు రాత్రులు గుడారంలో ఉండబోతున్నాం. మా ఇద్దరితో పాటు ఎనిమిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు. కారు గుడారం పక్కనే ఆగుతుంది కాబట్టి సామాను మోసే బెడద లేదు. గ్యాస్ డబ్బా మీద బిగించే చిన్న స్టవ్, మూత ఉన్న గిన్నె, ఒక పెనం ఉన్నాయి.

కిందటిసారి రాత్రి వంట బాగానే కుదిరింది కానీ తెల్లవారాక చాలా అవస్థ పడ్డాం. అది ఎత్తయిన చోటు, చలి ఎక్కువ. స్టవ్ వెలిగింది కానీ మంట లేవలేదు. డబ్బా ఊపి చూస్తే లోపల సగం వరకు గ్యాస్ ఉంది! పాన్‌కేక్ వేస్తే అడుగు మాడిపోయింది, పైన పచ్చిగానే ఉండిపోయింది. గుడ్లు మూడు దారిలోనే పగిలాయి. ఆకలికి ఏడుస్తున్న పిల్లలకు బిస్కెట్లు పెట్టి సముదాయించాం. ఈసారి వాళ్లకు వేడిగా ఏదైనా పెట్టాలని గట్టిగా అనుకుంటున్నాను. అరగంటలో అయ్యేవి ఏమున్నాయి?

జవాబు:

పిల్లలతో చాలా ఏళ్లుగా గుడారాలకు వెళ్తున్నాను కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు. చలిలో, నేల మీద కూర్చుని, ఒక చేత్తో పిల్లవాడిని పట్టుకుని ఉల్లిపాయలు తరగడం ఎవరివల్లా కాదు. అందుకే నేను ఒక నియమం పెట్టుకున్నాను. తరగడం, కొలవడం, కలపడం, గిలకొట్టడం అన్నీ బయలుదేరే ముందు రోజు ఇంట్లోనే పూర్తి చేస్తాను. అక్కడ ఉదయం మిగిలేది వేడి చేసే పని ఒక్కటే.

మొదటి ఉదయానికి బంగాళాదుంపలతో గుడ్డు పొరటు చేయండి. ఎనిమిది గుడ్లు ఇంట్లోనే పగలగొట్టి, ఉప్పు వేసి గిలకొట్టి, వెడల్పు మూతి ఉన్న ప్లాస్టిక్ సీసాలో పోయండి. పైన నాలుగు వేళ్ల మందం ఖాళీ వదలాలి, ఎందుకంటే గడ్డకడితే ఉబ్బుతుంది. ఆ సీసాను ఫ్రీజర్‌లో పెట్టి, బయలుదేరేటప్పుడు ఐస్ పెట్టెలో అడుగున పెట్టుకోండి. దారిలో పగిలే భయం ఉండదు, పైగా అదే ఒక ఐస్ గడ్డలా మిగతా వస్తువులను చల్లగా ఉంచుతుంది. మరునాటి ఉదయానికి చాలావరకు కరుగుతుంది. నడుమ గడ్డ మిగిలితే సీసాను కాసేపు చన్నీళ్లలో నిలబెట్టండి. గుడ్లను పెంకుతో మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకండి, పగులుతాయి.

బంగాళాదుంపలు కూడా ఇంట్లోనే ఉడికించి, చల్లారాక ముక్కలు కోసి, డబ్బాలో వేసి అదే ఐస్ పెట్టెలో పెట్టండి. ఉదయం పెనంలో నూనె కాగాక ముక్కలను ఒక్క వరుసగా పరచి రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలేయండి. కదిపితే ముక్క చెదురుతుంది కానీ వేగదు. అంచుల్లో బంగారు రంగు కనిపించి, అట్లకాడ తగిలినప్పుడు గరగరమంటే అప్పుడు తిప్పండి. తరువాత వాటిని ఒక పక్కకు నెట్టి, ఖాళీ అయిన చోట గుడ్ల సొన పోసి మంట తగ్గించండి. అడుగు నుంచి మెల్లగా మడుస్తూ, జారే సొన కనిపించకుండా పోయేదాకా ఉంచి దించేయండి. పలుచటి పెనం దించాక కూడా కాసేపు సెగ వదులుతూనే ఉంటుంది కాబట్టి అంతకన్నా ఆలస్యం చేస్తే గుడ్డు రబ్బరులా అవుతుంది.

రెండో ఉదయానికి ఓట్స్ మించినది లేదు. త్వరగా ఉడికే రకం తీసుకుని రెండు కప్పుల ఓట్స్, ఎనిమిది పెద్ద చెంచాల పాలపొడి, గుప్పెడు ఎండుద్రాక్ష, తగినంత చక్కెర, చిటికెడు ఉప్పు ఒకే సంచిలో వేసి మూతి బిగించండి. అక్కడ నాలుగు కప్పుల నీళ్లు మరిగించి సంచిలోది అందులో పోసి, ఉండకట్టకుండా ఒక నిమిషం కలిపి స్టవ్ ఆపేయండి. గిన్నెకు మూత పెట్టి మందపాటి తువ్వాలు చుట్టి అయిదు నిమిషాలు వదిలేస్తే తన వేడికి తానే ఉడుకుతుంది. గ్యాస్ మిగులుతుంది, అడుగంటదు, ఈలోపు ఖాళీ అయిన స్టవ్ మీద టీకి నీళ్లు పెట్టుకోవచ్చు.

ఇక పాన్‌కేక్ సంగతి. చిన్న స్టవ్ మంట పెనం మధ్యలో ఒక్కచోటే తగులుతుంది. పలుచటి పెనమైతే నడిమి భాగం మాడి, చుట్టూ పచ్చిగా ఉంటుంది. మంట సన్నగా పెట్టి, అరచేయి కంటే చిన్నవి వేసి, పెనాన్ని అంచులు కూడా మంట మీదికి వచ్చేలా తిప్పుతూ ఉండండి. పైన బుడగలు లేచి పగిలి, ఆ రంధ్రాలు పూడకుండా నిలిస్తే అప్పుడు తిరగేయండి. పిండి, బేకింగ్ పౌడర్, చక్కెర, పాలపొడి పొడిగానే కలిపి తీసుకెళ్లి, నీళ్లు మాత్రం అక్కడ వేసే ముందే పోయండి. తడి తగిలిన క్షణం నుంచి బేకింగ్ పౌడర్ పని మొదలుపెడుతుంది, ఎక్కువసేపు నిలవ ఉంచితే పొంగు పోతుంది. అయినా నలుగురికి ఒక్క పెనం మీద పాన్‌కేక్‌లంటే చివరి మనిషికి అందేసరికి మొదటి మనిషికి మళ్లీ ఆకలేస్తుంది. మీకైతే వద్దనే చెబుతాను.

మరొకరి జవాబు:

గ్యాస్ గురించి చెబుతాను. డబ్బా లోపల ఉండేది ద్రవం, అది ఆవిరైతేనే మంట. ఈ డబ్బాల్లో నింపే గ్యాస్‌లలో ఒకటైన బ్యూటేన్ సున్నాకు అర డిగ్రీ దిగువన మరుగుతుంది, అంటే చలి సున్నా దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు ఆవిరి కాదు. ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12 డిగ్రీల దాకా, ప్రొపేన్ మైనస్ 42 దాకా పనిచేస్తాయి. చాలా డబ్బాల్లో వీటిని కలిపి నింపుతారు. చలిలో ప్రొపేన్ ముందుగా ఖర్చయి, ఆవిరి కాని బ్యూటేన్ మిగిలిపోతుంది. మీ డబ్బాలో సగం ఉన్నా మంట లేవకపోవడానికి ఇదే కారణం అయి ఉంటుంది. పైగా ఆవిరవుతున్నకొద్దీ డబ్బా తనంతట తానే చల్లబడుతుంది.

డబ్బా మీద రాసినది చదివి, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసినది కొనండి. రాత్రి దాన్ని దుప్పట్లో కాళ్ల దగ్గర పెట్టుకుని పడుకోండి. ఉదయం చల్లటి నేల మీద కాకుండా చెక్క ముక్క మీద నిలబెట్టండి. ఇంకా మొరాయిస్తే వెడల్పు పళ్లెంలో గోరువెచ్చని నీళ్లు పోసి అందులో ఉంచండి. మరిగే నీళ్లు వద్దు, మంట దగ్గరికి అసలే తీసుకురావద్దు. గాలికి అడ్డు పెట్టండి కానీ స్టవ్ చుట్టూ పూర్తిగా కప్పకండి, సెగ డబ్బాకు తగిలి పేలే ప్రమాదం ఉంది. మధ్యమధ్యలో డబ్బాను చేత్తో తాకి చూడండి, వేడెక్కినట్టు అనిపిస్తే వెంటనే ఆపేయండి.

మళ్లీ ప్రశ్న:

ఇద్దరికీ ధన్యవాదాలు. వర్షం వస్తే గుడారం తలుపు తెరిచిపెట్టి లోపల వండుకోవచ్చా?

జవాబు:

వద్దండి. ఈ ఒక్క విషయంలో దయచేసి మినహాయింపు ఇవ్వకండి. మండే స్టవ్ నుంచి కార్బన్ మోనాక్సైడ్ అనే ప్రాణాంతకమైన విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, తలనొప్పి, మత్తు మొదలైనా చలికి అలా ఉందేమో అనుకుంటారు. గుడారం గుడ్డ కూడా క్షణాల్లో అంటుకుంటుంది. అన్ని వైపులా తెరిచి ఉండేలా ఎత్తుగా టార్పాలిన్ కట్టుకుని దాని కింద వండండి. అదీ కుదరకపోతే పొయ్యి అక్కరలేని ఏర్పాటు ఒకటి చేతిలో ఉంచుకోండి. ముందు రాత్రి అదే ఓట్స్ సంచిలోది ఒక డబ్బాలో పోసి, చల్లటి మంచినీళ్లు కలిపి ఐస్ పెట్టెలో ఉంచితే తెల్లవారేసరికి నాని మెత్తబడుతుంది. పిల్లలు చెంచాతో అలాగే తినేస్తారు.

ఐస్ పెట్టె మాటకొస్తే, అందులో 5 డిగ్రీలకు మించకూడదు. చిన్న థర్మామీటర్ ఒకటి పడేసి ఉంచండి. గుడ్లు, ఉడికిన దుంపలు రెండు గంటలకు మించి బయట ఉంటే, ఎండ 32 డిగ్రీలు దాటిన రోజున గంట దాటితే, పారేయడమే మేలు. రాత్రి తినేవి ఏవీ గుడారంలో ఉంచకండి, వాసనకు జంతువులు వస్తాయి. కారులో పెట్టి తాళం వేయండి.

ఇంకొకరి జవాబు:

కట్టెల మీద వండాలని ఉంటే, అక్కడ అనుమతి ఉందని తెలుసుకున్నాకే వెలిగించండి. మంట మీద వండకండి, నిప్పులు పడేదాకా ఓపిక పట్టండి. గిన్నె అడుగున బయటివైపు పలుచగా సబ్బు రాసి పెడితే మసి సులువుగా కడుక్కుపోతుంది. ముగించాక నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, బూడిద చేతికి చల్లగా తగిలేదాకా అక్కడి నుంచి కదలకండి.

అడిగినవారి మాట:

నిన్ననే తిరిగి వచ్చాం. మొదటి రోజు పొరటుకు ఇరవై నిమిషాలు పట్టింది. రెండో రోజు మంచులో పాప స్వయంగా ఓట్స్ కలిపింది, తువ్వాలు చుట్టే పని బాబు చేశాడు. డబ్బా నా కాళ్ల దగ్గరే పడుకుంది, మంట బాగా వచ్చింది. ఒక్క సందేహం మిగిలింది. దారికి నాలుగు గుడ్లు ఉడికించాను. ఇంట్లో పట్టినంత సేపే పెట్టినా లోపల పచ్చిగా ఉన్నాయి, ఎందుకు?

జవాబు:

ఎత్తు వల్ల. దాదాపు ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుంది. 2,400 మీటర్ల దగ్గర సుమారు 92 డిగ్రీలకే నీళ్లు కాగి తెర్లుతాయి. ఎంత పెద్ద మంట పెట్టినా నీళ్ల వేడి అంతకు మించదు కాబట్టి మూత పెట్టి మరో మూడు నాలుగు నిమిషాలు ఉంచి, ఒకటి పగలగొట్టి చూడండి. వాగు నీళ్లు తాగడానికి కాచుకున్నా ఇదే లెక్క. కింద అయితే బాగా తెర్లాక ఒక నిమిషం చాలు, 2,000 మీటర్లు దాటితే మూడు నిమిషాలు తెర్లనివ్వాలి.