సబ్‌మెర్సిబుల్ మోటర్‌లో రెండు ఫేజులే కాలిపోతున్నాయి, ఎందుకు?

బోరు మోటరు, 5 హెచ్‌పీ త్రీ ఫేజ్, స్టార్ కనెక్షన్. రీవైండింగ్ చేయించిన నెల తిరక్కుండానే మళ్లీ కాలిపోయిందండి, విప్పి చూస్తే రెండు ఫేజుల కాయిల్స్ బొగ్గులా నల్లగా ఉన్నాయి, మూడోది మాత్రం చెక్కుచెదరలేదు. సింగిల్ ఫేజింగ్ (ఒక ఫేజు పోయి మిగతా రెండింటి మీదే మోటరు నడవడం) అనుకుందామంటే స్టార్టర్లో దాన్ని పసిగట్టి మోటరు ఆపేసే ప్రివెంటర్ ఉంది, ఫ్యూజు ఒకటి పీకి చూస్తే టక్కున ఆఫ్ అయింది. కరెంటు ఎక్కువైతే మోటరు ఆపేసే ఓవర్‌లోడ్ రిలే 9 ఆంప్స్ మీద పెట్టాం, అదీ పడలేదు. వోల్టేజి మూడు ఫేజుల మధ్యా 400-410 ఉంది, మోటరు దించిన రోజు క్లాంప్ మీటరుతో చూస్తే మూడు వైర్లలో 8 ఆంప్సే, కేబుల్‌కి మెగ్గర్ (ఇన్సులేషన్ టెస్టర్) కొట్టినా బాగానే ఉంది, బోర్లో నీళ్లూ తగ్గలేదు. మెకానిక్కేమో తప్పంతా కరెంటోళ్ల మీదకి తోసేస్తున్నాడు, నాకైతే నమ్మకం కుదరట్లేదు. ప్రివెంటర్ కాంటాక్టర్‌కి (స్టార్టర్లో మోటరుకి కరెంటు కలిపే స్విచ్) ముందు వోల్టేజి చూసే రకం కాబట్టి ఆ తర్వాతే ఎక్కడో ఒక ఫేజ్ వదిలేస్తోందని నా అనుమానం. అది కాంటాక్టర్ పాయింట్లలోనా, బోరు లోపలి కేబుల్ జాయింట్‌లోనా అని మళ్లీ మోటరు దించకముందే తేల్చుకోవడం ఎలా?