అప్పుడు చెవికెక్కని పాట: 'రీఅప్రైజల్'కి మన మాట ఏది?

ప్రశ్న, ఇంగ్లండ్‌లోని లెస్టర్ నుంచి:

అందరికీ నమస్కారం. మా ఊరి తెలుగు సంఘం ఉగాది సంచికకి వ్యాసం రాస్తానని ఒప్పుకున్నాను. ఒక్క మాట దగ్గర బండి దిగబడింది. మీరో చెయ్యి వేయాలి.

వ్యాసం 'టాక్ టాక్' అనే బ్రిటిష్ బ్యాండు గురించి. 1981లో లండన్‌లో మొదలైంది. పాడేది మార్క్ హోలిస్. ఈఎంఐ అనే రికార్డు కంపెనీ వీళ్లని తీసుకుంది. అదే కంపెనీలో అప్పటికే డ్యురాన్ డ్యురాన్ అనే బ్యాండు వెలిగిపోతోంది. వీళ్లకీ జంట పేరే, తొలి ఆల్బమ్‌కి వాళ్ల నిర్మాత కాలిన్ థర్స్‌టనే, పైగా వాళ్ల కచేరీలకి ముందు పాడింది కూడా వీళ్లే. ఇంకేం, పత్రికలు 'నకలు బ్యాండు' అని ముద్ర కొట్టేశాయి. 1986లో 'ది కలర్ ఆఫ్ స్ప్రింగ్' బాగా అమ్ముడుపోయాక కంపెనీ చేతికి డబ్బూ, గడువూ ధారాళంగా ఇచ్చింది. వీళ్లు ఉత్తర లండన్‌లోని వెసెక్స్ స్టూడియోలో దీపాలార్పేసి, నెలల తరబడి కూర్చుని 1988లో 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' తెచ్చారు. ఆరే పాటలు. చాలాచోట్ల నిశ్శబ్దమే వినిపిస్తుంది. బ్రిటన్ అమ్మకాల పట్టికలో 19వ స్థానం దాకా పోయి దిగిపోయింది. దీన్ని ఎలా అమ్మాలో కంపెనీకి పాలుపోలేదు.

ఈరోజు అదే ఆల్బమ్‌ని ఎనభైల నాటి గొప్ప రికార్డుల్లో ఒకటిగా చెప్పుకుంటారు. 1990లలో 'పోస్ట్‌రాక్' అని పేరుపడిన ధోరణికి దీన్నీ, దీని తర్వాతిదాన్నీ మూలాలుగా చూపిస్తారు. నాతో పనిచేసే ఒక పెద్దాయన 1988లో దీన్ని కొని, వారం తిరక్కుండా పాత రికార్డుల కొట్లో అమ్మేశాడట. పదేళ్ల తర్వాత మూడింతలు పెట్టి మళ్లీ కొన్నానని చెప్పి తనే నవ్వుతాడు.

జనం ఇలా మనసు మార్చుకోవడాన్ని ఇక్కడివాళ్లు 'రీఅప్రైజల్' అంటారు. నిఘంటువు 'పునర్మూల్యాంకనం' అంది. రాశాను. మా ఆయన చదివి, "ఏ ఇంటర్ పేపరుకీ?" అన్నారు. అక్కడితో నా ఉత్సాహం సగం చచ్చింది. మంచి మాట చెప్పండి.

విశ్రాంత తెలుగు మాస్టారు, విజయనగరం:

అమ్మా, ముందు ఒక మెచ్చుకోలు. 'పునర్మూల్యాంకనం' అని సరిగ్గా రాశావు. ఈమధ్య 'పునఃమూల్యాంకనం', 'పునర్‌పరిశీలన', 'పునర్‌ప్రారంభం' అని చూసీ చూసీ కళ్లు కాయలు కాశాయి. పునః తర్వాత అచ్చు వచ్చినా, గ జ ద బ లాంటివి వచ్చినా, మ న లు వచ్చినా విసర్గ రేఫగా మారుతుంది: పునరుక్తి, పునర్జన్మ, పునర్మూల్యాంకనం. క, ప ల ముందు విసర్గ ఉన్నచోటనే ఉంటుంది: పునఃపరిశీలన, పునఃప్రారంభం. చ ముందు శ అవుతుంది: పునశ్చరణ. విసర్గ దొరకలేదని కీబోర్డు మీద కోలన్ కొట్టేవాళ్ల సంగతి ఇంకోసారి.

ఇక మాట సంగతి. మీ ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. మూల్యాంకనం అంటే ధర గుర్తు వేయడం. మన పేపర్లలో అది జవాబుపత్రాల మూల్యాంకనానికే అంకితమైపోయింది. పునర్మూల్యాంకనం అనగానే ఫీజు కట్టి, మార్కులు పెరుగుతాయేమోనని ఎదురుచూసే కుర్రాడే కళ్లముందు నిలుస్తాడు.

హైదరాబాద్ నుంచి ఒక అనువాదకురాలు:

మాస్టారూ, ధర గోల ఇంగ్లిష్ మాటలోనూ ఉంది కదండీ. అప్రైజ్, ప్రైస్, ప్రెయిజ్ మూడూ లాటిన్‌లో ధర అనే అర్థమున్న ఒక్క మాట నుంచే వచ్చాయి. పొగడ్త కూడా అక్కడ ధర బిడ్డే! మన దగ్గరా అంతే. వెల, విలువ ఒకే వేరు నుంచి మొలిచినవి. తమిళంలో విల్ అంటే అమ్ము, విలై అంటే ధర. పాత తెలుగులో విలుచు అంటే కొను. కాబట్టి బజారు వాసన ఉందని మూల్యాన్ని ఒక్కదాన్నే తప్పుపట్టలేం. పరీక్ష వాసన ఉందనండి, ఒప్పుకుంటాను.

'సింహావలోకనం' ఎలా ఉంటుంది?

మాస్టారు:

సింహం తను నడిచొచ్చిన దారినే వెనుదిరిగి చూస్తుందమ్మా. హోలిస్ తన పాటల్ని తనే నెమరేసుకుంటే ఆ మాట కుదురుతుంది. ఇక్కడ వెనుదిరిగి చూసింది శ్రోతలు, అదీ అప్పట్లో తాము తొక్కని దారిని.

గుంటూరు తమ్ముడు:

అక్కా, 'తిరగదోడటం' అనొచ్చుగా? అచ్చ తెలుగు.

లెస్టర్ నుంచి:

తమ్ముడూ, తిరగదోడటం అంటే పాత కేసులు, పాత తగాదాలు గుర్తొస్తాయయ్యా. మంచి ఉద్దేశంతో తిరగదోడామని ఎవరైనా చెప్పగా విన్నావా? అయితే ఈ బ్యాండుకి కేసులకేం తక్కువ లేదు. 'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' తర్వాత కాంట్రాక్టు దగ్గర ఈఎంఐతో కోర్టుకెక్కి బయటపడ్డారు. ఆ తర్వాత వాళ్ల పాత పాటల్ని కంపెనీ వేరేవాళ్లతో రీమిక్స్ చేయించి 1991లో ఆల్బమ్‌గా వదిలితే మళ్లీ కోర్టుకి పోయారు. మిగిలిన కాపీలు ధ్వంసం చేయించారు.

మాస్టారు:

ఆగమ్మా. బ్యాండు పేరేమన్నావు? టాక్ టాక్. తెలుగులో ఆమ్రేడితం చేస్తే ఏమవుతుంది? 'మాటామాటా'! మాటామాటా పెరిగి కోర్టుకెక్కారన్నమాట. చిన్నయసూరి ఉంటే ఈ ఉదాహరణ వదిలేవాడు కాడు.

లెస్టర్ నుంచి:

మాస్టారూ, మీకు దణ్ణం. ఇది వ్యాసంలో పెట్టుకుంటాను, కాదనకండి. ఇంకో తమాషా, హోలిస్ మాత్రం మహా పొదుపరి. రెండు స్వరాలు వాయించే ముందు ఒక్కటి వాయించడం నేర్చుకోవాలి, ఆ ఒక్కటి కూడా కారణం లేకుండా వాయించకూడదు, అనే అర్థంలో ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. 1986 తర్వాత బ్యాండుగా వేదిక ఎక్కలేదు. 1998లో సొంత పేరుతో ఒక్క ఆల్బమ్ చేసి సంగీతం నుంచి తప్పుకున్నాడు. మాటామాటా అనే పేరు పెట్టుకుని మౌనవ్రతం!

1991లో వచ్చిన చివరి ఆల్బమ్ పేరు 'లాఫింగ్ స్టాక్'. మన 'నవ్వులపాలు' దానికి సరిగ్గా సరిపోతుంది.

అనువాదకురాలు:

'పరామర్శ' ఎవరికీ గుర్తు రాలేదేం? సంస్కృతంలో ఆలోచించి చూడటం, విచారించడం అనే అర్థాలున్నాయి. పరామర్శ గ్రంథం అంటాం. 'పునఃపరామర్శ' అంటే మాస్టారి విసర్గ కూడా చెక్కుచెదరదు.

గుంటూరు తమ్ముడు:

పరామర్శ అంటే ఆసుపత్రిలో మంచం పక్కన బత్తాయిలు పెట్టి, "ఎలా ఉంది బాబాయ్" అనడం కదండీ. పునఃపరామర్శ అంటే డిశ్చార్జి కాలేదని రెండోసారి వెళ్లడం.

లెస్టర్ నుంచి:

నవ్వు ఆపుకోలేకపోయాను గానీ, తమ్ముడి మాట నన్ను వేరేచోట గిల్లింది. హోలిస్ 2019 ఫిబ్రవరిలో పోయాడు, 64 ఏళ్లకి. ఆ వారమంతా ఇక్కడి పత్రికల్లో, రేడియోలో అతని పాటలే. ఆ వారానికైతే 'పరామర్శ' రెండు అర్థాల్లోనూ అతుకుతుంది. కానీ ఈ మనసు మారడం అంతకు చాలా ముందే మొదలైంది. పోయాక పొగిడారు అనే మామూలు కథలో దీన్ని కలిపేస్తే తప్పవుతుంది. అతను బతికుండగానే, గడప దాటి బయటికి రాకుండా కూర్చున్నా, అభిమానులు పెరుగుతూనే వచ్చారు. అందుకే ఆ మాట వదిలేస్తున్నాను, మనసొప్పకపోయినా.

వరంగల్ నుంచి ఒక తమ్ముడు:

అక్కా, మా దిక్కు ఇంత కష్టపడం. "అప్పుడు సమజ్ కాలే, ఇప్పుడు సమజైంది" అంటం. అయిపాయె.

మాస్టారు:

నాయనా, నువ్వు ఒక్క వాక్యంలో తేల్చేశావు. కానీ ఆమెకి కావలసింది నామవాచకం. నాకొకటి తోస్తోంది. తొలి, మలి అనే జంట ఉంది కదా. తొలిచూలు, మలిచూలు. తొలిదశ, మలిదశ. అదే వరసలో 'మలివినికిడి' అందాం. తొలివినికిడిలో అందనిది మలివినికిడిలో అందింది. ధర లేదు, మార్కులు లేవు, సింహం లేదు.

అనువాదకురాలు:

చాలా బాగుంది మాస్టారూ. కానీ రెండు అభ్యంతరాలు. వినికిడి అంటే పుకారు కూడా. "మంత్రివర్గంలో మార్పులుంటాయని వినికిడి." అప్పుడు మలివినికిడి రెండో పుకారవుతుంది. రెండోది, మలిసందె, మలివయసు అన్నప్పుడు వాలిపోవడం ధ్వనిస్తుంది. మనకి కావలసింది పొద్దు పొడవడం కదా.

మాస్టారు:

పుకారు సంగతి ఒప్పుకుంటాను. 'మలివినికి' అనొచ్చు, కానీ నోరు తిరగాలి. మలిసందె గురించి మాత్రం ఒప్పుకోను. మలిసందెలో అందం లేదని ఎవరన్నారు?

గుంటూరు తమ్ముడు:

నేనొకటి అడుగుతాను. అసలు ఏం మారింది? పాట మారలేదు. అయితే మార్కులా, చెవులా? సినిమా థియేటర్లో పోయి టీవీలో హిట్టయితే 'కల్ట్' అంటాం. అక్కడ సినిమా అదే, చూసే చోటు మారింది, చూసేవాళ్లు మారారు. మాట ఎంచుకునే ముందు ఇది తేలాలి కదా.

లెస్టర్ నుంచి:

తమ్ముడూ, నువ్వు సరదాగా అడిగావో, సీరియస్‌గా అడిగావో గానీ నా తిప్పలన్నీ అక్కడే ఉన్నాయి. ఈ బ్యాండు చరిత్రలో రెండు రకాలూ ఉన్నాయి.

వీళ్ల 'ఇట్స్ మై లైఫ్' పాట 1984లో బ్రిటన్‌లో 46వ స్థానం దగ్గర ఆగిపోయింది. 1990లో ఈఎంఐ వీళ్ల హిట్ పాటలన్నీ కూర్చి ఒక సంకలనం వేస్తూ ఈ పాటని మళ్లీ సింగిల్‌గా వదిలితే 13 దాకా ఎక్కింది. 2003లో నో డౌట్ అనే అమెరికన్ బ్యాండు అదే పాట పాడి మళ్లీ హిట్ చేసింది. మరి 1984 నాటి జవాబుపత్రమే ఆరేళ్లకి 46 నుంచి 13కి వచ్చిందంటే, అది రీవాల్యుయేషన్ కాక ఏమిటి? మొదట దిద్దినవాళ్లు మార్కులు తక్కువేశారు. ఆ పాటకి 'పునర్మూల్యాంకనం' నిక్షేపంగా పనికొస్తుంది, మా ఆయన ఏమన్నా సరే.

'స్పిరిట్ ఆఫ్ ఈడెన్' కథ అది కాదు. అందులో ఎవరూ తప్పు దిద్దలేదు. 1988లో రేడియో పెట్టుకుని పాప్ పాట కోసం కూర్చున్న మనిషికి, మొదటి రెండు నిమిషాలూ ట్రంపెటూ, గాలి లాంటి చప్పుడూ తప్ప డ్రమ్ము వినిపించని పాట ఎలా అందుతుంది? నైజెల్ కెనడీ వయొలిన్, చెల్మ్స్‌ఫర్డ్ చర్చి గాయకబృందం అన్నీ ఉన్నాయి అందులో. ఉన్నట్టు తెలియకుండా ఉన్నాయి. దాన్ని వినడానికి వేరే చెవి కావాలి. ఆ చెవి తయారవడానికి పదేళ్లు పట్టింది. దాన్ని తయారుచేసింది కూడా ఆ ఆల్బమ్ విని పాటలు కట్టినవాళ్లే. మా పెద్దాయన రికార్డు అమ్మినప్పుడూ ఆయన చెవి నిజమే చెప్పింది, మళ్లీ కొన్నప్పుడూ నిజమే చెప్పింది. ఇక్కడ మూల్యం అన్నామంటే ఆయన మొదటిసారి మోసపోయాడన్నట్టు ఉంటుంది. ఆయన అలా అనుకోవడం లేదు.

అనువాదకురాలు:

అలాగైతే ఒక్క మాటతో పని జరగదు. ఇంగ్లిష్‌వాళ్లు రెండింటికీ ఒకే ముసుగు వేశారని మనమూ వేయాలా? పాటకి ఒకటి, ఆల్బమ్‌కి ఒకటి వాడండి.

వరంగల్ తమ్ముడు:

నేను ముందే చెప్పిన కదా అక్కా. సమజ్ కాలే, సమజైంది. చెవి ముచ్చటే అది.

లెస్టర్ నుంచి:

నిజమే తమ్ముడూ. నిన్న రాత్రి అమ్మతో ఫోన్లో ఈ గొడవంతా చెప్పాను. అమ్మకి టాక్ టాక్ తెలియదు, పోస్ట్‌రాక్ తెలియదు. అంతా విని, "అప్పుడు వాళ్ల చెవికెక్కలేదు, ఇప్పుడెక్కింది. దానికి వ్యాసం ఎందుకే?" అంది.

శీర్షిక 'ఆలస్యంగా చెవికెక్కిన పాట' అని పెట్టేశాను. నేను ఇన్నాళ్లూ నామవాచకం కోసం వెతికాను, మనవాళ్లు దీన్ని క్రియలో చెప్పుకుంటున్నారు. 46, 13 ఉన్న పేరాలో మాత్రం పునర్మూల్యాంకనం ఉంటుంది. 'మలివినికిడి' ఒక్కచోట పెట్టాను మాస్టారూ, కొటేషన్లలో, మీ పేరు చెప్పకుండా. అభ్యంతరం లేదుగా?

మాస్టారు:

పేరు వద్దులేమ్మా. కొటేషన్లు మాత్రం తీసెయ్. కొత్త మాటని కొటేషన్లలో పెడితే ఇంటికొచ్చిన చుట్టాన్ని గుమ్మంలోనే నిలబెట్టినట్టుంటుంది. ఇంతకీ ఆ ఆల్బమ్ ఎక్కడ దొరుకుతుందో చెప్పు. మనవడు ఆదివారం వస్తాడు, పెట్టించుకు వింటాను.

లెస్టర్ నుంచి:

లింకు పంపిస్తాను మాస్టారూ. మొదటి రెండు నిమిషాలూ ఫోను పాడైందనుకుని ఆపేయకండి.