కోర్దోబా పాతబస్తీలో అమ్మానాన్నలతో రెండు రాత్రులు: ఈ హోటల్ బుక్ చెయ్యనా?

మాడ్రిడ్ కొత్తబ్బాయి:
అందరికీ నమస్కారం. స్పెయిన్ వచ్చి నాలుగు నెలలైంది. మే మొదటివారంలో గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. కోర్దోబాలో మెస్కీతా (ఒకప్పటి పెద్ద మసీదు, ఇప్పుడు చర్చి) పక్క సందులో పాత ఇంటినే హోటల్ చేసినది ఒకటి చూశాను. మధ్యలో వాకిలి, గోడల నిండా నీలం కుండీలు. ఫొటోలు చూస్తే మతి పోయింది. నాన్నకి మోకాళ్ళ నొప్పులు, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. బుక్ చేసెయ్యమంటారా?

సెవిల్యా అక్క:
తమ్ముడూ, నువ్వు చెప్పిన రోజులు అక్కడ పాటియోల, అంటే ఇళ్ళ మధ్య వాకిళ్ళ, పండుగ రోజులు. ఇళ్ళవాళ్ళు తమ వాకిళ్ళు తెరిచి పెడితే జనం వరసకట్టి చూస్తారు. 2012లో యునెస్కో జాబితాలో కూడా చేరింది. రేట్లు మండిపోతాయి, గదులూ మిగలవు. కాబట్టి రద్దు చేసుకునే వీలున్నది ఏదో ఒకటి ఇవాళే పట్టుకో, తర్వాత తీరిగ్గా వెతుక్కోవచ్చు.

ఆ ఇల్లు నీకెందుకు నచ్చిందో నాకు తెలుసు. అచ్చం మన మండువా లోగిలి. మధ్యలో ఆకాశం, చుట్టూ గదులు, మందపాటి గోడలు, ఎండాకాలం లోపల చల్లగా ఉంటుంది. చిక్కేమిటంటే ఫొటోలో ఉండేది వాకిలి, మీరు పడుకునేది గదిలో. ఆ ఇళ్ళలో ఏ రెండు గదులూ ఒకలా ఉండవు.

మా అత్తమామల్ని తీసుకెళ్ళినప్పుడు నేనిది చూసుకోలేదు. టాక్సీ సందు మొదట్లోనే ఆగిపోయింది. గులకరాళ్ళు పరిచిన దారిలో పెట్టె లాక్కెళ్తుంటే చక్రం ఊడి చేతికొచ్చింది. గదేమో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. మామగారు మెట్టుమెట్టుకీ ఆగి, "కొండ ఎక్కినా ఇంత కష్టపడలేదమ్మా" అన్నారు. రాత్రి ఒంటిగంటకి కిటికీ కింద బారువాళ్ళు ఇనప కుర్చీలు ఈడుస్తుంటే ఎవరికీ కునుకు లేదు.

అందుకే డబ్బు కట్టేముందు హోటల్‌కి మెసేజ్ పెట్టు. "ప్లాంతా బాహా"లో, అంటే గ్రౌండ్ ఫ్లోర్‌లో గది ఇస్తారా అని అడుగు. "ఎంత్రెస్వేలో" అన్నారంటే అది కిందికీ ఒకటో అంతస్తుకీ మధ్య ఉండేది, మెట్లు తప్పవు. "ఇంతీరియోర్" గదికి కిటికీ లోపలివైపు ఉంటుంది, వెలుతురు తక్కువైనా నిద్ర పడుతుంది. "ఎక్స్‌తీరియోర్" అయితే వీధివైపు. టాక్సీ ఎంతవరకు వస్తుందో కూడా కనుక్కో. అందరి పాస్‌పోర్టులూ దగ్గర పెట్టుకోండి, వచ్చినవాళ్ళ వివరాలు నమోదు చెయ్యడం ఇక్కడ హోటళ్ళకి చట్టం.

అమ్మగారికి "సిన్ కార్నే" (మాంసం లేకుండా) అంటే చాలదు, హమోన్‌ని, అంటే ఉప్పు పెట్టి ఆరబెట్టిన పంది మాంసాన్ని, మాంసం కింద లెక్కేయనివాళ్ళు ఇక్కడ చాలామంది. "సిన్ హమోన్, సిన్ అతూన్, సిన్ వేవో" (హమోన్, ట్యూనా చేప, గుడ్డు లేకుండా) అని విడివిడిగా చెప్పు. సల్మోరేహో, అంటే చల్లగా తాగే చిక్కటి టమాటా సూప్, మంచిదే కానీ పైన గుడ్డూ హమోనూ చల్లి తెస్తారు. బెరెన్‌హేనాస్ కోన్ మియెల్ మాత్రం తినిపించు. సన్నగా తరిగి వేయించిన వంకాయ మీద చెరకు పాకం. అదే నూనెలో చేపలు కూడా వేయిస్తారేమో ముందే అడుగు. పొద్దున టమాటా, ఆలివ్ నూనె రాసిన రొట్టె దొరుకుతుంది. మా అత్తగారు దానిమీద కారప్పొడి చల్లుకుని లాగించారు.

బార్సిలోనా బాబాయి:
ఇంత హైరానా ఎందుకమ్మా? స్టేషన్ పక్కన లిఫ్టున్న హోటల్ తీసుకుంటే పోయె. మాడ్రిడ్ అతోచా స్టేషన్ నుంచి రైల్లో రెండు గంటలు కూడా పట్టదు. మెస్కీతా స్టేషన్‌కి రెండు కిలోమీటర్లే.

సెవిల్యా అక్క:
నిజమే బాబాయ్, కింద గది దొరక్కపోతే నేనూ అదే అంటాను. కానీ మామూలు రోజుల్లో, ఆదివారాలు తప్ప, ఉదయం 8:30 నుంచి ఒక గంట మెస్కీతాలోకి ఉచితంగా వెళ్ళనిస్తారు. వెళ్ళేముందు ఒకసారి సైట్‌లో చూసుకోవాలి. గుంపులు దిగకముందు ఆ ఎర్ర తెల్ల చారల కమానుల కింద, ఎనిమిదొందల పైచిలుకు స్తంభాల మధ్య మా మామగారు ఒక్కరే చేతులు వెనక్కి కట్టుకుని నడిచారు. పక్క సందులో ఉన్నాం కాబట్టి కుదిరింది.

మాడ్రిడ్ కొత్తబ్బాయి:
అక్కా, జవాబొచ్చింది. వాకిలి పక్కన కింద గది ఉందట, టాక్సీ దిగాక నూట యాభై అడుగులు నడవాలట. బుక్ చేసేశాను! నాన్న అడుగుతున్నారు, కుళాయి నీళ్ళు తాగొచ్చా అని.

సెవిల్యా అక్క:
తాగొచ్చు. వాకిట్లో బావి కనిపిస్తే మాత్రం చేద కోసం వెతకొద్దని చెప్పు.