శాంతి స్వరూప్ గారి గుర్తుగా పిల్లలతో వార్తలు చదివించడం ఎలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
దూరదర్శన్‌లో శాంతి స్వరూప్ గారు తొలి తెలుగు వార్తలు చదివింది 1983 నవంబరు 14న. ఎలాగూ బాలల దినోత్సవమే. ఆ రోజు నలుగురు పిల్లలతో పది నిమిషాల వార్తలు చదివిద్దామని ఉంది. అందరూ ఒడియా మీడియమే, తెలుగు కూడబలుక్కుని చదువుతారు. ఫోన్లో ప్రాంప్టర్ యాప్ (చదవాల్సిన అక్షరాలు తెర మీద వాటంతటవే కదిలేది) పెట్టేయమంటారా? ఆయన గొంతు అనుకరించమనాలా?

వంశధార (గుణుపురం):
యాప్ వద్దండీ. ఆయన మొదలెట్టిన నాటికి అక్కడ ప్రాంప్టరే లేదు, అన్నీ కాగితాలే. కూడబలుక్కునే పిల్లలకి అక్షరాలు కదిలిపోతుంటే మాట మధ్యలో తెగిపోద్ది.

ఏ4 కాగితం, ఒక వైపే, 22 పాయింట్ల అక్షరాలు. వార్తకో కాగితం. ఊపిరి తీసుకునే చోటే వరస తెగాలి. అంకెలు అక్షరాల్లో రాయండి. 1,250 అని కనబడితే పిల్లాడు ముందు ఒడియాలో అనుకుంటాడు, అక్కడే ఆగిపోతాడు. స్టేపుల్ కొట్టొద్దు. కాగితం తిప్పితే మైకులో గరగరమంటాది, పక్కకి జరపాలి. నిమిషానికి 85 మాటలు, మొత్తం 850 చాలు.

తల ఎప్పుడెత్తాలంటే, మనకి క్రియ చివర్న వస్తుంది కదా, "ప్రకటించారు", "ప్రారంభమైంది" అన్న ఆ ఆఖరి మాట ఎదురుగా చూస్తూ అంటే సరి. చూసేవాళ్లకి మొత్తం అలాగే చెప్పినట్టుంటాది.

తెలుగు పంతులు (బరంపురం):
గొంతు అనుకరిస్తే నవ్వులాటైపోతుంది. ఆయన దగ్గర తీసుకోవాల్సింది తొందరపడకపోవడం, ప్రతి అక్షరం వినబడేలా పలకడం. మీవాళ్లకి చిక్కు అక్కడే. ఒడియా రాతలో ఇ, ఈ వేరైనా పలకడంలో తేడా లేదు. ఎ, ఏలకి వేర్వేరు అక్షరాలే లేవు. "వచ్చే నెల" కాస్తా "వచ్చే నేల" అవుతుంది. "నగరం" "నొగొరం" అవుతుంది. మొదటి మాట "వార్తలు" కూడా "బార్తలు" అయ్యే ప్రమాదం ఉంది. "పరీక్ష" అయితే "పొరిఖ్యా"నే.

దీర్ఘాలన్నిటి కిందా ఎర్ర గీత పెట్టండి. హ్రస్వానికి ఒక చప్పట, దీర్ఘానికి రెండు, అలా వారం రోజులు. ళ, ణల గురించి బెంగ వద్దు, ఒడియాలో అవి నిక్షేపంగా ఉన్నాయి.

మహేంద్రతనయ:
"శాసనసభ"ని "సాసనసబ" అంటున్నారు. ఇదీ ఒడియా వల్లేనా?

తెలుగు పంతులు:
ఒడియాలో శ, ష, స మూడూ స లాగే పలుకుతారు, నిజమే. కానీ తప్పంతా దాని మీదికి తోసెయ్యకండి. మన ఇళ్లలో "సదువు", "సెప్పు" అంటూనే ఉన్నాం. ఇంట్లో అదే అందం, మార్చొద్దు. వార్తలకి మాత్రం "శ్... చప్పుడు చెయ్యకు" అనిపించి, ఆ శ్ దగ్గర్నుంచి "శా"లోకి తీసుకురండి.

వేరే పాఠం అక్కర్లేదు, ఆయన పేరే చాలు. శ, స, వ, దీర్ఘం అన్నీ అందులోనే ఉన్నాయి. "సాంతి సొరుప్" అన్నవాడు "శాంతి స్వరూప్" అనేదాకా కాగితం చేతికివ్వకండి.