బాబు వేలికి పులిపిర్లు: మందు పూయాలా, కాల్పించాలా?

కాకినాడ అమ్మ: మా బాబుకి తొమ్మిదేళ్లు. చూపుడువేలి గోరు పక్కనే శనగగింజంత పులిపిరి లేచింది. బొటనవేలి మీద చిన్నవి ఇంకో రెండు. గరుగ్గా, మధ్యలో నల్ల చుక్కలతో ఉన్నాయి. డాక్టరుగారు మత్తు సూది ఇచ్చి కరెంటుతో కాల్చేద్దాం అన్నారు. మా అత్తగారేమో సున్నం, బట్టల సోడా కలిపి పెడితే రాలిపోతాయంటున్నారు. వాడికి సూది పేరెత్తితేనే ఏడుపు. చాలా టెన్షన్‌గా ఉంది.

వరంగల్ రమ్య: నాకు మోచేతి మీద కాల్చారండీ. ఒక్క పూటలో పని అయిపోయింది. కానీ మచ్చ మిగిలింది, పక్కనే మళ్లీ ఒకటి వచ్చింది.

తెనాలి మందుల షాపు: అమ్మా, సున్నం మాత్రం పెట్టనివ్వకండి. సున్నం, సోడా తడిలో కలిస్తే కాస్టిక్ సోడా తయారవుతుంది. అది మంచి చర్మాన్ని కూడా తినేస్తుంది. అలా పుండు పడిన వేళ్లు మా షాపుకి వస్తూనే ఉంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ఆ నల్ల చుక్కలు గడ్డకట్టిన సన్నటి రక్తనాళాలు, భయం లేదు. గోరు పక్కన కాలిస్తే గోరు పుట్టే చోటు దెబ్బతినొచ్చు, అందుకే తొందరపడొద్దంటాను. డాక్టరుగారిని సాలిసిలిక్ యాసిడ్ అనే పూత మందు గురించి అడగండి. రాత్రి గోరువెచ్చటి నీళ్లలో ఐదు నిమిషాలు వేలు నానబెట్టి, మెత్తబడిన పైపొరను గోళ్లు రుద్దే అట్టతో నెమ్మదిగా గీకాలి. ఆ అట్ట ఇంకెవరూ వాడకూడదు. చుట్టూ వాజిలిన్ రాసి, పులిపిరి మీదే చుక్క వెయ్యాలి. బాగా మండినా, రక్తం కనిపించినా కొన్నాళ్లు ఆపాలి. 12 వారాలైనా ఓపిక పట్టాలి. చాలామంది రెండు వారాలకే మానేసి మందు పనిచెయ్యలేదంటారు. ముఖానికీ, షుగర్ ఉన్నవాళ్ల పాదాలకీ ఇది వాడకూడదు.

కాకినాడ అమ్మ: ఫ్రీజింగ్ అని కూడా ఉందట కదండీ?

తెనాలి మందుల షాపు: ఉంది. ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టిస్తారు, రెండు మూడు వారాలకోసారి వెళ్లాలి. 2010లో నెదర్లాండ్స్‌లో పోల్చి చూశారు. మామూలు పులిపిర్లు 13 వారాలకి ఫ్రీజింగ్‌తో 49 శాతం మందికి, యాసిడ్‌తో 15 శాతం మందికి, ఏమీ చెయ్యనివాళ్లలో 8 శాతం మందికి పోయాయి. అరికాలి పులిపిర్లలో అంత తేడా రాలేదు. సూది ఉండదు గానీ చురుక్కుమంటుంది, బొబ్బ లేస్తుంది. పిల్లాడు కాబట్టి నేనైతే ముందు మందే అంటాను, తగ్గకపోతే ఫ్రీజింగ్. పిల్లలకి చాలావరకు రెండేళ్లలో వాటంతటవే పోతాయి కూడా. బాబు గోళ్లు కొరుకుతాడా?

కాకినాడ అమ్మ: ఎప్పుడూ నోట్లోనే వేలు!

తెనాలి మందుల షాపు: అయితే ముందు అది మాన్పించండమ్మా. పులిపిర్లు వైరస్ వల్లే వస్తాయి, అది కొరికిన చోటల్లా పాకుతుంది, పెదవికీ అంటుతుంది. పగలు ఆ వేలికి ప్లాస్టర్ వేసి ఉంచండి, తువ్వాలు విడిగా ఇవ్వండి.